ఈశాన్యానికి మారిన రేవుపేట

ఆ రోజు జానకిరామ్ గారి ఇంట్లో ఉన్నవారు వీరు: గరికలంక సర్పంచ్ రాణిగారు, వంటింట్లో. సర్పంచ్ గారి భర్త జానకిరామ్ గారు, సర్పంచ్ కుర్చీలో. వాస్తు, ముహూర్తం, బోరు ఎక్కడ వేయాలి అనే మూడు శాస్త్రాల్లోనూ ఆరితేరిన అప్పాజీ గారు, ఫ్యాను కింద. జానకిరామ్ గారి కౌలురైతు సత్తియ్య, కుర్చీ ఖాళీగా ఉన్నా గుమ్మం పక్కన నిలబడి. గ్రామపెద్దలు కొందరు, ఆత్రేయపురం పూతరేకుల పళ్ళెం చేతికందేంత దూరంలో. వీరు కాక సత్తియ్య కూతురు సాయిదుర్గ కూడా ఉంది. కానీ ఇంటర్ చదివే ఆ పిల్ల ఎక్కడున్నా ఉన్నట్టు తెలియదు కాబట్టి హాజరైనవారిలో ఆమె పేరు రాయలేదు. ఆమె తెచ్చిన లాప్‌టాప్ పేరు రాశారు.

సమావేశం ఉద్దేశం గరికలంక వరద పటాన్ని పరిశీలించి ఆమోదించడం. ఈ విషయంలో గోదావరి అభిప్రాయం కూడా తీసుకోవాలన్న ప్రతిపాదన ఏదీ రాలేదు.

ఆ పటం కథ వేసవిలో మొదలైంది. వరద సహాయం చేసే స్వచ్ఛంద సంస్థ ఒకటి రాజమండ్రిలో శిక్షణ పెడుతున్నామనీ, ఒక్కో లంక నుంచి ఒకరిని పంపమనీ కబురు చేసింది. శిక్షణ పేరు ‘మానవతా సేవల కోసం భౌగోళిక సమాచార వ్యవస్థ’. పేరు పూర్తిగా చదివేసరికి ఊళ్ళో యువకులందరికీ ఒకేసారి పనులు తగిలాయి. సాయిదుర్గకూ పనులున్నాయి గానీ ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆ విధంగా ఆమె ఏకగ్రీవంగా ఎన్నికైంది.

శిక్షణ ఇచ్చే జాషువా సార్ మొదటిరోజే ఆకాశం నుంచి తీసిన ఫోటో ఒకటి చూపించి, "మీ ఊరిని వెతుక్కోండి. కనిపించిన ప్రతి ఇంటి కప్పు చుట్టూ గీత గీయండి. ఒక ఇల్లు మీరు మర్చిపోతే, వరదలో పడవవాడూ ఆ ఇంటిని మర్చిపోతాడు," అన్నారు. నోరు విప్పకుండా నిజం చెప్పే మార్గం ఒకటి లోకంలో ఉందని సాయిదుర్గకు అప్పుడే తెలిసింది. ఆ సంతోషంలో ఆ పూట మెస్సులో రెండోసారి సాంబారు అడిగింది. ఆమె జీవితంలో అది పెద్ద ప్రసంగం.

తిరిగొచ్చాక ఫోను పట్టుకుని వీధి వీధీ తిరిగింది. పాత వరదల్లో నీళ్ళు ఎందాకా వచ్చాయో గోడల మీద మరకలు చూసి గుర్తు పెట్టుకుంది. ఫోను చూసి తనలో తాను నవ్వుకుంటోందని ఊళ్ళో వాళ్ళు వచ్చి నాయనమ్మ సుబ్బాయమ్మకు చెప్పారు. ఆవిడ మనవరాలిని వసారాలో నిలబెట్టింది.

"ఎవడే వాడు?"

"ఎవరూ లేరు నాయనమ్మా. ఊరి పటం గీస్తున్నాను."

"ఊరు ఇక్కడే ఉంది కదే, ఎక్కడికీ పోలేదుగా! మళ్ళీ గీయడమెందుకు?"

ఊరు ఎక్కడికీ పోదన్న నమ్మకం అప్పటికి సాయిదుర్గకూ ఉంది.

ఊరికి నైరుతి మూల, గోదావరి పాయ ఒరుసుకుని పోయే పల్లంలో రేవుపేట ఉంది. చేపలు పట్టేవాళ్ళ వీధి. అక్కడ పాపాయి ఎండుచేపల బుట్ట దించి నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"ఏంటమ్మాయ్, మా ఇల్లు ఎక్కించావా ఫోన్లోకి?"

సాయిదుర్గ తలూపింది.

"మేకల పాక కూడా ఎక్కించు. అది కొట్టుకుపోతే నేను బతకలేను."

పక్కనే వల బాగుచేసుకుంటున్న మొగుడు తలెత్తకుండా, "నేను కొట్టుకుపోతేనో?" అన్నాడు.

"నీకు ఈత వచ్చుగా. ఇదిగో అమ్మాయ్, ఇది మా పిల్ల లావణ్య. శ్రావణంలో పురుడు. సరిగ్గా అప్పుడే ఏరొస్తది. ఏరొచ్చిందంటే మా పడవలు కట్టేయమని ఆర్డరొస్తది. మా కళ్ళ ముందు మా పడవే ఉంటది, ఎక్కకూడదు. ఆళ్ళ పడవ కోసం కూర్చోవాలి. ఆ పడవోడికి మా గుమ్మం తెలిసేలా గీయమ్మా, నీకు పుణ్యముంటది."

సాయిదుర్గ మళ్ళీ తలూపింది. గరికలంకలో ఆ పిల్ల తలకున్నంత పని ఇంకెవరి తలకూ లేదు. ఇంటికొచ్చి రేవుపేటలో ప్రతి కప్పూ గీసింది. మేకల పాకకు కూడా నాలుగు మూలలూ కుదిరాయి. అయితే ఆకాశం ఫోటోలో జానకిరామ్ గారి కొత్త డాబా కింద నుంచి ఒక చారిక పోతూ కనిపించింది. అది పూడ్చేసిన పాత కాలువ. ఏరు పొంగితే రేవుపేట తర్వాత నీళ్ళొచ్చేది ఆ దారినే. శిక్షణలో చెప్పినట్టే రేవుపేటకూ ఆ దారికీ నీలం రంగు వేసింది.

ఇప్పుడు ఆ నీలం జానకిరామ్ గారి ఇంట్లో పెద్ద టీవీ మీద, పూతరేకులు తింటున్న పెద్దల ముందు, నిగనిగలాడుతోంది.

"మన ఇంటి మీద ఆ నీలం ఏంటమ్మా?" అన్నారు జానకిరామ్ గారు.

"నీళ్ళండి," అంది సాయిదుర్గ. ఆ మాట ఆయనతో కాదు, లాప్‌టాప్‌తో అంది.

సభలో పూతరేకులు నమలడం ఆగింది. ఆయన కొడుకు వీరబాబుకు మండపేట రైసు మిల్లు వాళ్ళ సంబంధం చూస్తున్నారని అందరికీ తెలుసు. ఆడపిల్లవాళ్ళు ఈ కాలంలో గోత్రం కంటే ముందు ఫోనులో ఇల్లు చూసుకుంటున్నారు. ఇంటి మీద నీలం కనిపిస్తే సంబంధం అక్కడే మునుగుతుంది. పోనీ ఆయన ఒక్క ఇంటి మీదే తుడిచేద్దామా అంటే ఊరు పక్షపాతం అంటుంది. ప్రజాస్వామ్యంలో ఇలాంటి చిక్కు వచ్చినప్పుడు శాస్త్రాన్ని సంప్రదించడం గరికలంక సంప్రదాయం.

అప్పాజీ గారు లేచారు. జేబులోంచి దిక్సూచి తీసి టీవీకి ఆనించారు. ముల్లు గిర్రున తిరిగి టీవీ స్పీకరు వైపు ఆగింది. ఉత్తరం అటేనని నిర్ణయించారు. ఆపైన పటాన్ని ఈ మూల నుంచి ఆ మూలకు చూసి, గుండె మీద చెయ్యేసుకున్నారు.

"నైరుతిలో నీళ్ళండీ! నైరుతిలో బరువుండాలి, ఈశాన్యంలో నీళ్ళుండాలి. ఇది పూర్తిగా తిరగబడింది. ఈ ఊరు ఎందుకు బాగుపడట్లేదో నాకిప్పుడు తెలిసింది. ఈ పటమేనండీ కారణం."

"పటం గీసి వారం కాలేదండి," అన్నాడొక పెద్దమనిషి.

"దోషం ముందే పట్టుకుందండి."

ఆ జవాబుతో సభకు శాస్త్రం మీద గౌరవం ఇంకా పెరిగింది. జానకిరామ్ గారు కుర్చీలోంచి లేచి, ఉన్నది సొంత హాలే అయినా మైకు ముందు నిలబడినట్టు గొంతు సవరించుకున్నారు.

"సోదరులారా! పటమంటే ఊరికి జాతకం. జాతకంలో దోషముంటే శాంతి చేయిస్తాం గానీ, దోషాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకోం. గోదావరి మన తల్లి. పెద్దలు నలుగురూ కూర్చుని ఎటు రావాలో చెబితే తల్లి కాదనదు. అందుచేత గ్రామాభ్యుదయం దృష్ట్యా, వరద నీటిని నైరుతి నుంచి ఈశాన్యానికి మార్చాలని ప్రతిపాదిస్తున్నాను. నీళ్ళతో బతికే రేవుపేటను నీళ్ళకు దూరం చేయడం అన్యాయం. కనుక దాన్నీ నీళ్ళతో పాటే మార్చాలి."

చప్పట్లు మోగాయి. ఊరికి ఈశాన్యంలో ఉన్నది జానకిరామ్ గారి కొబ్బరితోట. లంక మొత్తానికి అదే మెరక. ఎంత పెద్ద ఏరొచ్చినా ఆ తోటలో కొబ్బరిచెట్టు పాదం తడిసిన దాఖలా లేదు.

"రేవుపేటోళ్ళకి ఒక మాట చెబుదామాండి?" అన్నాడు సత్తియ్య మెల్లగా.

"పటంలో మార్చడమే కదా సత్తియ్యా! వాళ్ళని సామాన్లు సర్దుకోమన్నామా ఏంటి?"

"ఆయ్. తమరు ఎలాగంటే అలాగేనండి," అన్నాడు సత్తియ్య. కౌలు మళ్ళీ ఇస్తారో లేదో తేలేది ఆ నెలలోనే.

సాయిదుర్గ తండ్రి వైపు చూసింది. తండ్రి గచ్చు వైపు చూశాడు. గచ్చు ఎవరి వైపూ చూడలేదు. ఆమె మౌసు మీద చెయ్యి వేసింది. ఇష్టం లేని వేలితో లాగినా పటం మీద నీలం ఒకచోట చెరిగి ఇంకోచోట పడుతుంది, ఇళ్ళు కదులుతాయి. పాపాయి ఇల్లు, మేకల పాక, వలలారేసే దడి, లావణ్య మంచం వేసుకునే వసారా, అన్నీ ఒకదాని వెనక ఒకటి ఊరు దాటి కొబ్బరితోటలోకి నడిచాయి.

ఒకసారి మొదలయ్యాక అభివృద్ధి ఆగదు. నైరుతికి బరువు కావాలని సెల్‌టవర్నీ, మంచినీళ్ళ ట్యాంకునీ తెచ్చి రేవుపేట ఖాళీ చేసిన చోట నిలబెట్టారు. బడి దక్షిణం చూస్తోందని తూర్పుకు తిప్పారు. వంకరగా పోయే రోడ్డును పైసా ఖర్చు లేకుండా తిన్నగా వేశారు. ఊరి ఈశాన్యం మూల కాస్త పెంచితే మంచిదనడంతో, పక్క లంకవాళ్ళ అరటితోట కొంత గరికలంకలో కలిసింది. చివరికి సర్పంచ్ సంతకం కోసం రాణిగారిని పిలిచారు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి టీవీ చూసి, "ఇది ఏ ఊరండీ?" అన్నారు.

"మన ఊరే."

"ఓహో," అని సంతకం చేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వెళ్ళిపోయారు. ఆ రోజు ఆ ఇంట్లో పొంగేదాని గురించి సకాలంలో స్పందించిన అధికారి ఆవిడ ఒక్కరే.

పటానికి మంచి పేరొచ్చింది. చూసిన పై అధికారులు ఇంత చతురస్రమైన ఊరు తమ సర్వీసులో చూడలేదన్నారు. సాయిదుర్గకు శాలువా కప్పారు. రెండు మాటలు మాట్లాడమంటే శాలువాలోకి మొహం దాచుకుంది. వినయమంటే ఇదీ అన్నారు.

ఇంతలో వరదొస్తే పటంలో నీలం ఉన్నచోటే బియ్యం, టార్పాలిన్లు ఇస్తారన్న వార్త వచ్చింది. నిన్నటిదాకా నీలం మచ్చ పడకుండా ఇల్లు కాపాడుకున్నవాళ్ళంతా సత్తియ్య ఇంటికి వరస కట్టారు. "అమ్మా సాయిదుర్గా, ఈశాన్యంలో మాదీ ఒక చిన్న ఇల్లు పడెయ్యి," అని ఒకరు, "మాకు ఉమ్మడి కుటుంబం, రెండు వెయ్యి," అని మరొకరు. సాయిదుర్గకు కాదనడం రాదు. చూస్తుండగానే కొబ్బరితోటలో వీధులు పడ్డాయి. నిజమైన ఊళ్ళో కంటే అక్కడే జనం ఎక్కువయ్యారు. అందరూ ఒకేచోట, కులం తేడా లేకుండా, రేవుపేటవాళ్ళతో గోడలు ఆనించుకుని కాపురముండడం గరికలంక చరిత్రలో అదే మొదలు. మనుషులెవరూ అక్కడ లేకపోవడం వల్ల గొడవలు కూడా రాలేదు.

ఒక్క సాయిదుర్గకే నిద్ర పట్టేది కాదు. రోజూ సాయంత్రం పటం తెరిచి, పాపాయి ఇంటిని వెనక్కి లాగుదామని వేలు పెట్టేది. లోపల నాన్న దగ్గు వినిపించేది. పటం మూసేసేది.

శ్రావణం వచ్చింది. ఏరూ వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక, వెంటనే రెండోది. ఆర్డరు ప్రకారం రేవుపేట పడవలన్నీ కట్టేశారు. సరిగ్గా ఆ రోజే మండపేట వాళ్ళు పెళ్ళి మాటలకు రావాలి. వాయిదా వేద్దామా అని ఎవరో అంటే, "పెట్టిన ముహూర్తం గోదావరి కోసం మారిస్తే రేపు గోదావరికి మనం అలుసైపోమాండీ?" అన్నారు అప్పాజీ గారు. మండపేట వాళ్ళు పొద్దున్నే కారులో దిగారు. వాళ్ళ వెనకే దారి నీళ్ళలోకి దిగింది.

అతిథులను జానకిరామ్ గారికి వదిలిపెట్టి, రేవుపేట తప్ప మిగిలిన ఊరు ఊరంతా గొడుగులూ గోనెసంచులూ పట్టుకుని కొబ్బరితోటకు చేరింది. అప్పాజీ గారి నాయకత్వంలో వరద బాధితులుగా బాధ్యతలు స్వీకరించింది. తోట మరీ పొడిగా ఉంటే వచ్చేవాళ్ళు ఏమనుకుంటారోనని పంపుసెట్టు ఆన్ చేసి చెట్ల మొదళ్ళకు నీళ్ళు పెట్టారు. పంచెలు మోకాళ్ళ పైకి కట్టుకున్నారు. పిల్లలను ఏడుపు మొహం పెట్టమన్నారు.

అప్పుడు ఇంట్లోనే ఉండిపోయిన సాయిదుర్గ ఫోను మోగింది.

"అమ్మాయ్, నేను పాపాయిని. నీళ్ళు గుమ్మంలోకొచ్చేశాయి. లావణ్యకి నొప్పులొచ్చేస్తన్నాయి. పడవ బయల్దేరిందన్నారు, ఏదీ?"

సాయిదుర్గ ఫోనులో పటం తెరిచింది. సహాయం పడవ ఎక్కడుందో చూపించే ఎర్రచుక్క గోదావరి మీద చకచకా పోతోంది. ఈశాన్యానికి. అది ఎటు పోవాలో తనే చెప్పింది. వేలితో ఎన్ని ఇళ్ళైనా లాగొచ్చు. ఆ చుక్కను మాత్రం వేలితో లాగలేం.

ఆ పడవలో ఉన్న జాషువా సార్‌కు ఫోను చేసింది. ఆయన హలో అన్నారు. సాయిదుర్గ నోరు తెరిచింది. మాట రాలేదు. ఆయన మళ్ళీ హలో అన్నారు. ఇంజను చప్పుడు వినిపిస్తోంది. ఇటు పక్క నిశ్శబ్దం ఎంత గట్టిగా ఉందంటే, "సాయిదుర్గేనా?" అన్నారాయన.

"సార్, పడవ తిప్పేయండి," అంది. గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది. "అక్కడ కొబ్బరిచెట్లే ఉన్నాయండి. రేవుపేట నైరుతిలో ఉందండి. లావణ్యకి నొప్పులు వస్తున్నాయండి."

"మ్యాపులో ఈశాన్యం అని ఉంది కదమ్మా!"

"మ్యాపు తప్పండి. నేనే లాగానండి. ఇక్కడ గోదారిదే ఒప్పండి."

ఎర్రచుక్క ఆగింది. ఒక్క క్షణం ఆలోచించుకుని, గుండ్రంగా తిరిగింది.

తోటలో జనానికి అప్పటికే పడవ కనిపించింది. చేతులూపారు. ఏడుపు మొహాలు సిద్ధం చేసుకున్నారు. పడవ వాళ్ళకు వీపు చూపించి వెళ్ళిపోయింది. పంపుసెట్టు మాత్రం చాలాసేపు పోస్తూనే ఉంది.

మధ్యాహ్నానికి పాపాయి మళ్ళీ ఫోను చేసింది. గట్టు మీది ఆసుపత్రి నుంచి.

"ఆడపిల్లమ్మా! ఏడుపు గోదారి అవతలికి వినపడతంది. నీలాగ మాత్రం కాదులే. మేకల్ని కూడా పడవెక్కించుకున్నారు, మహానుభావులు. అవునూ, నా ఇంటిని కొబ్బరితోటలో పెట్టావంట కదే! నాకు తెలీకుండా నన్నే తోట కాపలాకి పెడతావా? రానీ నీ సంగతి చెబుతాను. ముందు నువ్వేవైనా తిన్నావా?"

సాయిదుర్గ తలూపింది. ఫోనులో తలూపితే కనిపించదని గుర్తొచ్చి, "లేదత్తా," అంది. అని గట్టిగా నవ్వింది. సుబ్బాయమ్మ వసారాలోంచి తొంగిచూసి, పిల్లకు గాలి సోకిందేమోనని ఉప్పు తేవడానికి లోపలికి వెళ్ళింది.

ఒకసారి వచ్చిన నోరు ఊరుకోదు. పటం మీద నీలాన్ని, రేవుపేటను, బడిని, ట్యాంకును, పక్క లంకవాళ్ళ అరటితోటను ఎక్కడివక్కడ పెట్టేసి, సాయిదుర్గ వీధిలోకొచ్చింది. పాత కాలువ దారి వెంట నీళ్ళు, ఎవరినీ అడగకుండా, చెప్పులు తేలుస్తూ, జానకిరామ్ గారి డాబా వైపు నింపాదిగా నడుస్తున్నాయి. కింది గదిలో ఆయన ధాన్యం బస్తాలున్నాయి. అందులో సత్తియ్య పండించినవీ ఉన్నాయి. సాయిదుర్గ పరుగెత్తి వెళ్ళి తలుపు కొట్టింది.

తలుపు తీసింది జానకిరామ్ గారే. అప్పాజీ గారు తోట నుంచి ఫోనులో అంతా చెప్పేసినట్టున్నారు, మొహం ఎర్రగా ఉంది. వెనక హాల్లో మండపేట వాళ్ళు కాఫీలు తాగుతూ, ఇంటి నైరుతి ఎంత బరువుగా ఉందో మెచ్చుకుంటున్నారు.

"బాబాయ్‌గారండీ, నీళ్ళొస్తున్నాయండి. బస్తాలు పైకెత్తించండి. చుట్టాలని కూడా మేడమీదికి పంపించండి," అంది సాయిదుర్గ. వీధి చివరిదాకా వినిపించేంత గట్టిగా అంది.

"మెల్లగా! మెల్లగా మాట్లాడు!" అన్నారాయన కంగారుగా వెనక్కి చూస్తూ. "ఏం నీళ్ళు? మన ఇంటికి నీళ్ళు రావని తీర్మానం చేశాం కదా. నువ్వే తుడిచావు."

"మళ్ళీ వేసేశానండి."

"తీసెయ్. ఇప్పుడే తీసెయ్. మీ నాన్నని రేపొకసారి కనపడమన్నానని చెప్పు."

సాయిదుర్గ తండ్రిని తలుచుకుంది. అయినా, "తియ్యనండి," అంది. "పటంలో తీసినా మీ మెట్టెక్కేశాయండి, చూడండి."

ఆయన కిందికి చూశారు. మెట్టు మీద నీళ్ళు ఆయన కొత్త చెప్పుల్లో ఒకదాన్ని ఎత్తి చూస్తున్నాయి.

"ఏంటండీ బావగారూ, ఎవరొచ్చారు?" అని హాల్లోంచి మండపేట పెద్దాయన గొంతు వినిపించింది.

"ఎవరూ లేరండీ బావగారూ! గాలి!" అన్నారు జానకిరామ్ గారు.

ఆయన్ని తప్పు పట్టకండి. ఇంట్లో పెళ్ళివారుండగా గుమ్మంలోకి నీళ్ళొచ్చాయి, వాటి గురించి చెప్పడానికి ఒక పిల్ల కూడా వచ్చింది. రెంటిలో ఏది ఆపడం తేలికో మీకూ తెలుసు. సాయిదుర్గ ఇంకో మాట అనేలోపే ఆయన తలుపు వేసేశారు.